మెడికల్ షాపుల డేటాబేస్‌కి సొంత స్టీరియోటైప్‌లు: ప్రాజెక్టు డైరీ

సోమవారం

స్కీమా, అంటే ఏయే టేబుల్స్, కాలమ్‌లు ఉన్నాయన్న డేటాబేస్ నిర్మాణం, మొత్తం మోడల్‌లోకి వచ్చింది. రెండు రాష్ట్రాల్లో బ్రాంచీలున్న మెడికల్ షాపుల సంస్థ, కంపెనీగా రిజిస్టర్ అయింది, బిల్లింగు, స్టాకు, కొనుగోళ్లు అన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అనే మోడలింగ్ టూల్‌లోకి (ఇకపై ఈఏ అంటాను) ఓడీబీసీ అనే డేటాబేస్ కనెక్షన్ ద్వారా లాగితే నూట అరవై పైచిలుకు డబ్బాలు వచ్చి పడ్డాయి. ఊరంతా ఒకటే ఇంటిపేరన్నట్టు అన్నిటి నెత్తిమీదా «టేబుల్» అనే ఉంది. ఇలా రకం చెప్పే చీటీనే స్టీరియోటైప్ అంటారు. మందుల మాస్టరూ టేబులే, రోజంతా రికార్డులు పడుతూనే ఉండే బిల్లు లైనూ టేబులే, రాత్రి డిస్ట్రిబ్యూటర్ పంపిన ఫైలు దింపుకుని తెల్లారేసరికి ఖాళీ అయిపోయే స్టేజింగూ టేబులే.

క్లయింటు వైపు ఆడిటర్ అడిగినవి సూటి ప్రశ్నలు. పేషెంటు వివరాలు ఏయే టేబుల్స్‌లో ఉన్నాయి, ఏది ఎంతకాలం ఉంచాలి, వేటిలో రికార్డు చెరపకూడదు. ఇప్పటిదాకా వీటికి జవాబు మా డీబీఏ (డేటాబేస్ బాగోగులు చూసే) అన్న బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు, ఆయన లీవు పెడితే జవాబు కూడా లీవులో ఉంటుంది. అది మోడల్‌లోకి రావాలి, మోడల్‌ని అడిగితే తేలాలి. ఇదీ పని.

"ఈఆర్ టూల్ వాడొచ్చు కదా" అని టీమ్‌లో ఒకరన్నారు, అది టేబుల్స్, వాటి మధ్య సంబంధాలు గీసే టూల్. వాడొచ్చు, కానీ రిక్వైర్‌మెంట్లు, యూజ్ కేసులు, సీక్వెన్స్ డయాగ్రమ్‌లు అన్నీ ఈ మోడల్‌లోనే ఉన్నాయి. "ఈ టేబుల్ ఏ అవసరం కోసం పుట్టింది" అని వెనక్కి వెళ్లి చూడాలంటే అన్నీ ఒకచోట ఉండటమే మేలు.

ఈఏలో గీసేది యూఎంఎల్, అంటే సాఫ్ట్‌వేర్ డిజైన్లు బొమ్మలుగా గీసే ప్రామాణిక భాష. దానికి కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. అసలు యూఎంఎల్‌లో టేబుల్ అనేదే లేదు. క్లాస్ ఉంది, అందులో అట్రిబ్యూట్ (దాచుకునే వివరం) ఉంది, ఆపరేషన్ (చేసే పని, దీన్నే మెథడ్ అనీ అంటారు) ఉంది. క్లాస్ మీద స్టీరియోటైప్ వేసి దీన్ని టేబుల్ అనుకోండి అని చెప్పుకోవడమే. 2017 డిసెంబరులో, ఆ ప్రమాణాన్ని చూసుకునే ఓఎంజీ సంస్థ ఇచ్చిన 2.5.1 వెర్షన్‌లోనూ ఇదే కథ, అందుకే ఒక్కో టూల్ తనకు తోచినట్టు ఏర్పాటు చేసుకుంది. ఈఏలో «టేబుల్» ఉన్న క్లాస్ టేబుల్, «కాలమ్» ఉన్న అట్రిబ్యూట్ కాలమ్. ప్రైమరీ కీ (రికార్డును గుర్తుపట్టేది), ఫారిన్ కీ (ఇంకో టేబుల్ రికార్డును చూపించేది), ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసేది) మాత్రం ఆపరేషన్లు! మొదటిసారి చూసినవాళ్లు "ప్రైమరీ కీ మెథడ్ ఎలా అయింది" అని తప్పకుండా అడుగుతారు. అలవాటైపోతుంది.

మంగళవారం

ఏయే స్టీరియోటైప్‌లు కావాలో బోర్డు మీద రాయమంటే అందరూ రాశారు. «ముఖ్యం», «పెద్దది», «ఫైనాన్స్», «పాతది», «మాస్టర్», «లావాదేవీ», «పేషెంట్», «సెన్సిటివ్», ఇంకా బోలెడు. అన్నీ పెట్టుకుంటూ పోతే నెల తిరిగేసరికి ఏది ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తుండదు, డయాగ్రమ్ మాత్రం సినిమా పోస్టర్లు అంటించిన గోడలా తయారవుతుంది.

అందుకని ఒక్క ప్రశ్న పెట్టుకున్నాం: ఇది ఈ రకం టేబుల్ అయినందువల్ల అందులో ఉండి తీరాల్సిన కాలమ్‌లు గానీ, దాని మీద చేయకూడని పనులు గానీ మారతాయా? మారితే స్టీరియోటైప్. మారకపోతే ట్యాగ్ విలువ (డబ్బాకి తగిలించే పేరు-విలువ జంట), లేదంటే అసలు అక్కర్లేదు.

ఈ ప్రశ్న ముందు బోర్డు సగం ఖాళీ అయింది. «ఫైనాన్స్» అంటే ప్యాకేజీ, ఆ ఫోల్డర్‌లో పెడితే చాలు. «పెద్దది» సంగతి డేటాబేసే చెప్తుంది, ఇవాళ చిన్నది రేపు పెద్దదవుతుంది. «ముఖ్యం» గురించి మాట్లాడకపోవడమే మంచిది, ఎవరి టేబుల్ వాళ్లకు ముఖ్యం.

మిగిలినవి ఇవి. «మాస్టర్» అయితే ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో చెప్పే రెండు తేదీలు, వ్యాపారంలో వాడే కోడ్ మీద యూనిక్ కీ (ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపేది) ఉండాలి. «లావాదేవీ» అయితే ఎవరు ఎప్పుడు చేశారన్న కాలమ్‌లు తప్పనిసరి, డిలీట్ కుదరదు, రద్దు కూడా ఇంకో రికార్డే. «లాగ్» అయితే ఇన్సర్ట్ తప్ప ఏమీ లేదు. «స్టేజింగ్» అయితే లోడ్ బ్యాచ్ నంబరు ఉండాలి, మిగతా టేబుల్స్ ఏవీ దాన్ని ఫారిన్ కీతో పట్టుకోకూడదు. «లింక్» అంటే రెండు టేబుల్స్ మధ్య అతుకు, రెండు ఫారిన్ కీలూ కలిసే ప్రైమరీ కీ.

ఇంకోటి ఉంటుందేమో అనిపించింది, అదే రిజిస్టర్. దాని సంగతి షాపుకి వెళ్లొచ్చాక.

మంగళవారం, సాయంత్రం

బ్రాంచీలో ఫార్మసిస్ట్ గారు పెద్దాయన, ఓపిగ్గా చెప్పారు. డ్రగ్స్ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 జాబితా మందులకు వేరే రిజిస్టర్ ఉండాలి. 2013 ఆగస్టు 30న నోటిఫికేషన్ వచ్చింది, 2014 మార్చి 1 నుంచి అమలు, మొదటి జాబితాలో 46 మందులు. టీబీ మందులు, పై తరాల యాంటీబయాటిక్‌లు, అలవాటు పడే ప్రమాదం ఉన్నవి కొన్ని. రాసిన డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం నమోదు చేసి మూడేళ్లు ఉంచాలి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాలి.

"మరి బిల్లు క్యాన్సిల్ అయితే ఏం చేస్తారండీ?" అని అడిగాను.

"బిల్లు క్యాన్సిల్ చేసుకో బాబూ, నీ ఇష్టం. రిజిస్టర్‌లో మాత్రం చెరపకూడదు. పక్కన ఇంకో ఎంట్రీ రాస్తాం, అంతే."

తిరిగొచ్చి టేబుల్ చూస్తే పేషెంటు పేరు కాలమ్ ఖాళీగా వదిలేయడానికి వీలుంది! మామూలు దగ్గు మందు బిల్లుకి పేరెవరూ అడగరు కాబట్టి బిల్లు టేబుల్‌లో అలా ఉండటం సబబే, కానీ రిజిస్టర్ టేబుల్‌ని దాని మీంచే కాపీ కొట్టి తయారు చేసినట్టుంది. కౌంటర్ స్క్రీన్ పేరు లేకుండా బిల్లు వేయనివ్వదు కాబట్టి ఇన్నాళ్లూ గడిచిపోయింది. స్క్రీన్ పక్కనుంచి వచ్చే డేటా, అంటే ఆన్‌లైన్ ఆర్డర్లు, పాత బ్రాంచీల మైగ్రేషన్, వాటికి ఆ కాపలా లేదు.

కాబట్టి «రిజిస్టర్» కూడా స్టీరియోటైప్ అయింది. లాగ్ లాగా ఇన్సర్ట్ ఒక్కటే, దానికి తోడు చట్టం అడిగిన కాలమ్‌లేవీ ఖాళీగా ఉండకూడదు. షెడ్యూల్ ఎక్స్ మందులకు ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు తీసుకుని ఒకటి రెండేళ్లు దాచాలి, ఆ టేబులూ దీని కిందికే వస్తుంది. రెండు టేబుల్స్ కోసం ఒక స్టీరియోటైపా అని డీబీఏ అన్న సణిగాడు గానీ, ప్రశ్న ప్రకారం జవాబు అవును అని వచ్చింది కదా, ఉంచాం.

బుధవారం

ప్రొఫైల్, అంటే మన స్టీరియోటైప్‌ల మూట, దాని తయారీ. ఇక్కడ ఒక దారి ఎంచుకోవాలి. మన స్టీరియోటైప్ క్లాస్ అనే మెటాక్లాస్‌ని (యూఎంఎల్‌లోని మూల రకాన్ని) ఎక్స్‌టెండ్ చేసి, దాన్ని ఒంటరిగా వాడితే వచ్చేది మామూలు క్లాస్, టేబుల్ కాదు. కాలమ్ విండో రాదు, డీడీఎల్ (టేబుల్‌ని సృష్టించే ఎస్‌క్యూఎల్) రాదు. పేరు «మాస్టర్» అయినంత మాత్రాన డేటాబేస్ సంగతి టూల్‌కి ఎలా తెలుస్తుంది! ఇంకో దారిలో టూల్ సొంత «టేబుల్» నుంచి మనది వారసత్వంగా తెచ్చుకోవచ్చు. మూడోదారి, «టేబుల్» జోలికి పోకుండా దాని పక్కనే మనది రెండో స్టీరియోటైప్‌గా తగిలించడం.

మేం మూడోది పట్టుకున్నాం. ఉన్న టేబుల్స్ ఉన్నట్టే ఉంటాయి, డీడీఎల్ ఎప్పట్లాగే వస్తుంది, రేపు మా ప్రొఫైల్ పీకేసినా టేబుల్ టేబుల్‌గానే మిగులుతుంది. కొత్త మోడల్ మొదటినుంచీ గీసేవాళ్లకు వారసత్వం దారి అందంగా ఉండొచ్చు, నడుస్తున్న సిస్టమ్‌కి ఇదే నయం.

ప్రొఫైల్ ప్యాకేజీలో మెటాక్లాస్ ఒకటి పెట్టి ఆరు స్టీరియోటైప్‌ల నుంచి దానికి ఎక్స్‌టెన్షన్ బాణాలు గీశాను. వాటన్నిటికీ పైన ఒక ఉమ్మడి స్టీరియోటైప్ పెట్టి ట్యాగ్‌లు అందులో రాస్తే కింద ఆరింటికీ వస్తాయి. ట్యాగ్ అంటే స్టీరియోటైప్‌లో ఒక అట్రిబ్యూట్, అంతే. దాని టైప్‌గా ఎన్యూమరేషన్ (ముందే రాసిపెట్టిన విలువల జాబితా) ఇస్తే వాడేవాళ్లకి డ్రాప్‌డౌన్ వస్తుంది, ఇది మాత్రం తప్పక చేయండి. చేత్తో టైపు చేయనిస్తే ఒకరు "అవును" అని, ఇంకొకరు "ఉంది" అని, మూడోవాళ్లు టిక్కు గుర్తు పెడతారు, తర్వాత ఏ క్వెరీ కూడా సరిగా లెక్క తేల్చదు.

తర్వాత ప్రొఫైల్‌ని సేవ్ చేసి, ఎండీజీ టెక్నాలజీ ఫైలుగా (ఈఏకి సొంత చేర్పులు అందించే ఫైలు) పబ్లిష్ చేసి, దాన్ని మోడల్‌లోకే ఇంపోర్ట్ చేశాం. యూజర్ వైపు ఇంపోర్ట్ చేస్తే నా మెషీన్‌లోనే కనిపిస్తుంది. మోడల్‌లో పెడితే ప్రాజెక్టు తెరిచిన అందరికీ వస్తుంది, ఎవరికీ ఫైళ్లు పంపే పని లేదు.

గురువారం

నూట అరవై టేబుల్స్‌కి చేత్తో వేస్తూ కూర్చోలేం. డీబీఏ అన్న స్ప్రెడ్‌షీట్‌లో టేబుల్ పేరు, పక్కన రకం రాసిచ్చాడు, దాన్ని చదివి వేసే స్క్రిప్టు ఈఏ లోపలే జావాస్క్రిప్టులో రాశాను. ఇక్కడ తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఎలిమెంట్‌కి (మోడల్‌లోని ఒక్కో డబ్బాకి) స్టీరియోటైప్ అనే ప్రాపర్టీ, స్టీరియోటైప్‌ఈఎక్స్ అనే ప్రాపర్టీ రెండూ ఉంటాయి. మొదటిది ఒక్క పేరే పట్టుకుంటుంది. రెండోదానికి కామాలతో జాబితా ఇవ్వొచ్చు, మనకు కావాల్సింది అదే. పేర్లు కూడా పొట్టిగా కాకుండా ప్రొఫైల్ పేరు, రెండు కోలన్లు, స్టీరియోటైప్ పేరు అన్నట్టు పూర్తిగా ఇవ్వాలి. టూల్ సొంత టేబుల్‌కి ఆ ముందు భాగం ఈఏయూఎంఎల్. అలా పూర్తి పేరు ఇస్తేనే ఫలానా ప్రొఫైల్‌లోదని గుర్తుపట్టి ట్యాగ్‌లు కూడా తెచ్చిపెడుతుంది.

లోపల ఎలా దాచుకుంటుందో కూడా చూశాను. 2022లో వచ్చిన 16వ వెర్షన్ నుంచి మోడల్ ఫైలు క్యూఈఏ, అంటే లోపల ఎస్‌క్యూలైట్. ఏ ఎస్‌క్యూలైట్ బ్రౌజర్‌తోనైనా తెరుచుకుంటుంది. టి_ఆబ్జెక్ట్ అనే టేబుల్‌లో మన క్లాస్‌కి ఒక రికార్డు ఉంటుంది, అందులో స్టీరియోటైప్ కాలమ్‌లో ఒక్కటే పేరు, మా దాంట్లో «టేబుల్». రెండోది ఎక్కడ? టి_ఎక్స్‌రెఫ్‌లో. అక్కడ ఆ ఎలిమెంట్ గైడ్‌కి (జీయూఐడీ, దానికొక్కదానికే ఉండే గుర్తింపు సంఖ్య) ఒక రికార్డు, దాని డిస్క్రిప్షన్‌లో సెమీకోలన్లతో విడగొట్టిన పొడుగాటి స్ట్రింగ్, అందులో పేరు, పూర్తి పేరు, మళ్లీ పేరు, పూర్తి పేరు. మొదటి కాలమ్‌నే నమ్ముకుని క్వెరీ రాస్తే మాస్టర్‌లు సున్నా అని వస్తుంది. అదృశ్యమేం కాలేదు, పక్క టేబుల్‌లో ఉన్నాయి.

ఒక నియమం పెట్టుకున్నాం. చదవడానికి నేరుగా ఎస్‌క్యూలైట్ సరే, పైథాన్‌తో హాయిగా చదువుకోవచ్చు. రాయడం మాత్రం టూల్ ఏపీఐ (స్క్రిప్టుల కోసం టూల్ ఇచ్చిన దారి) ద్వారానే. ఆ స్ట్రింగ్‌లో సొంతంగా వేలు పెట్టడం ఎందుకు!

శుక్రవారం

ఎంతకాలం ఉంచాలి అన్న ట్యాగ్ దగ్గర రోజంతా పోయింది, పోవాల్సిందే అనుకుంటా, ఇందులోనే అసలు సరుకు ఉంది.

"నెలలు" అని ఒక అంకె ట్యాగ్ పెడితే సరిపోతుందనేది మొదటి ప్రతిపాదన. హెచ్1 రిజిస్టర్‌కి 36, ఏ ఇబ్బందీ లేదు. బిల్లుల దగ్గరికి వస్తే జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ 72 నెలలంటుంది, కానీ బిల్లు తేదీ నుంచి కాదు, ఆ ఏడాది వార్షిక రిటర్న్ దాఖలు గడువు నుంచి. 2023-24 బిల్లు అనుకోండి, రిటర్న్ గడువు 2024 డిసెంబరు 31, అక్కణ్నుంచి 72 నెలలంటే 2030 డిసెంబరు 31. అంటే 2023 ఏప్రిల్‌లో కొట్టిన బిల్లు ఏడున్నరేళ్లకు పైనే ఉండాలి. అదే బిల్లుకి కంపెనీల చట్టం కూడా వర్తిస్తుంది, ఖాతా పుస్తకాలు, వాటి వోచర్లు వెనకటి ఎనిమిది ఆర్థిక సంవత్సరాలవి ఉంచాలి, ఆ లెక్కన 2032 మార్చి 31. ఇక లాగిన్ లాగ్‌ల దగ్గర, 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు. రోజులు, నెలలు కాదు.

ఒక్క అంకె ఎక్కడ సరిపోతుంది? అంకె, యూనిట్, ఎప్పటినుంచి అని మూడు ట్యాగ్‌లు పెడదామన్నారు. అప్పుడు కూడా బిల్లుకి రెండు చట్టాలు, ఆరు ట్యాగ్‌లు. పైగా రేపు నిబంధన మారితే అరవై టేబుల్స్ తెరిచి మార్చాలి.

చివరికి చట్టాల్నే మోడల్‌లోకి తెచ్చాం. «నియమం» అనే ఇంకో స్టీరియోటైప్, ఇది టేబుల్ కాదు, ఉత్త క్లాస్. ఒక్కో నియమానికి ఒక్కో ఎలిమెంట్, అంకె, యూనిట్, మొదలు అన్న ట్యాగ్‌లు దానికి. గడువు కోసం టేబుల్‌కి ఒకే ఒక్క ట్యాగ్, "నియమాలు", దాని టైప్ ఇంకో ఎలిమెంట్‌ని చూపించే రకం. ఈఏలో రెఫ్‌గైడ్‌లిస్ట్ అని ఉంది, ఒకటికన్నా ఎక్కువ ఎలిమెంట్లను ఎంచుకోవచ్చు. తేదీ లెక్కేసేటప్పుడు స్క్రిప్టు అన్ని నియమాలూ చూసి చివరిగా వచ్చే తేదీ తీసుకుంటుంది. చట్టం మారితే ఒక్కచోట మారుస్తాం. ఆడిటర్‌కి చూపిస్తే, "ఇది ఏ సెక్షన్ కింద" అని అడగాల్సిన పని లేకుండా అక్కడే కనిపించేసరికి, ఈ ప్రాజెక్టులో మొదటిసారి ఆయన మొహంలో కాస్త నవ్వు చూశాను.

సోమవారం

వ్యక్తిగత వివరాల సంగతి. దీన్ని టేబుల్ స్థాయిలో పెట్టడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు. బిల్లు టేబుల్‌లో ముప్పై కాలమ్‌లుంటే పేషెంటు పేరు, ఫోన్ నంబరు రెండే వ్యక్తిగతం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అడిగేది కూడా పని అయిపోయాక ఆ వివరాలు తీసేయమని, వేరే చట్టం ఉంచమంటే తప్ప. బిల్లు ఉండాలి, అందులో ఫోన్ నంబరు ఉండక్కర్లేదు. ఆ తేడా కాలమ్ దగ్గరే చెప్పగలం.

కాబట్టి అట్రిబ్యూట్ మెటాక్లాస్ మీద «వ్యక్తిగతం» అని ఇంకోటి. «కాలమ్» పక్కన అదీ కూర్చుంటుంది. పేరు, ఫోన్, చిరునామా, ఆరోగ్యం, ఇతరం అని ఒక డ్రాప్‌డౌన్ ట్యాగ్.

డయాగ్రమ్‌లో కూడా కనబడాలి కదా. డబ్బా ఎలా కనబడాలో చెప్పే షేప్ స్క్రిప్టులో డెకరేషన్ అనే భాగం ఉంటుంది, అది డబ్బా రూపాన్ని మార్చకుండా మూలన చిన్న గుర్తు మాత్రం వేస్తుంది. స్క్రిప్టు చాలా చిన్నది: దిక్కు ఈశాన్యం అని ఒక వరస, ఫలానా ట్యాగ్ విలువ అవునైతే అని హ్యాజ్‌ట్యాగ్‌తో ఒక షరతు, రంగు ఎరుపు, సున్నా నుంచి వంద దాకా ఒక చతురస్రం. వ్యక్తిగత వివరాలున్నాయా అని చెప్పే ఆ టేబుల్ ట్యాగ్‌ని ఎవరూ చేత్తో పెట్టరు, కాలమ్‌లు చూసి లోపలి స్క్రిప్టే పెడుతుంది. రన్ చేశాక డయాగ్రమ్ చూస్తే ఎర్ర చుక్కలు అనుకున్న చోట్ల వచ్చాయి, అనుకోని చోట కూడా ఒకటి: డెలివరీ అబ్బాయిల ట్రాకింగ్ టేబుల్. అందులో కస్టమర్ చిరునామా మొత్తం కాపీ అయి ఉంది. డీబీఏ అన్న దాన్ని చూసి, "అదెప్పుడు చేరిందిరా బాబూ" అన్నాడు.

ఒక చిన్న మాట, ప్రొఫైల్‌లో కొత్త ట్యాగ్ చేర్చి మళ్లీ పబ్లిష్ చేస్తే పాత ఎలిమెంట్లకు అది దానంతటదే రాదు. టూల్‌బాక్స్‌లో ఆ స్టీరియోటైప్ మీద కుడి క్లిక్ కొట్టి సింక్రనైజ్ చేయాలి.

బుధవారం

చెక్ స్క్రిప్టు. ఇన్నాళ్లు పెట్టిన స్టీరియోటైప్‌లకి పని దొరికేది ఇక్కడే. రాత్రిపూట పైథాన్ మోడల్ ఫైలు కాపీ తీసుకుని, ఒక్కో రకానికి దాని షరతులు సరిచూసి జాబితా ఇస్తుంది. ఒక వింత చెప్తాను. కాలమ్ ఖాళీగా ఉండొచ్చా లేదా అన్నది టి_అట్రిబ్యూట్‌లో ఎక్కడుందని వెతికితే, అలవ్ డూప్లికేట్స్ అనే కాలమ్‌లో ఉంటుంది! అది నిజమైతే నాట్ నల్, అంటే ఖాళీగా ఉండకూడదని అర్థం. ప్రైమరీ కీలో ఉందా అన్నది ఈజ్ ఆర్డర్డ్‌లో. క్లాస్ అట్రిబ్యూట్ కోసం ఉన్న గళ్లనే కాలమ్‌లకీ వాడుకున్నారు, డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి రాసే ఉంది. తెలిస్తే సులువు, తెలియకపోతే బుర్ర గోక్కోవాలి.

మొదటి జాబితా పొడుగ్గానే వచ్చింది. డాక్టర్ల మాస్టర్‌లో చెల్లుబాటు తేదీలు లేవు, రిజిస్ట్రేషన్ నంబరు మీద యూనిక్ కీ లేదు, అందుకే ఒకే డాక్టరు గారు మూడు స్పెల్లింగులతో ఉన్నారు. స్టేజింగ్ టేబుల్ ఒకదాన్ని రేట్ల మాస్టర్ ఫారిన్ కీతో పట్టుకుని కూర్చుంది, రాత్రి ఖాళీ చేసే జాబ్ అప్పుడప్పుడు ఎందుకు ఆగిపోతోందో దీంతో తెలిసింది. హెచ్1 పేషెంటు పేరు ఎలాగూ ఉంది, దానికి ఆల్టర్ స్క్రిప్టు (టేబుల్‌ని మార్చేది) రెడీ, ముందు ఖాళీ రికార్డులు తేల్చాలి.

ఇదే స్క్రిప్టు చివర్లో పోస్ట్‌గ్రెస్ కోసం కామెంట్ ఆన్ టేబుల్ (టేబుల్‌కి వివరణ అతికించే ఆదేశం) వరసలు కూడా రాస్తుంది, రకం, నియమాల పేర్లు కలిపి. ఈఏ లైసెన్సు లేని డెవలపర్లు కూడా తమ క్వెరీ టూల్‌లో టేబుల్ మీద మౌస్ పెడితే అదేమిటో కనబడుతుంది. ఆటోమేటిక్ డిలీట్ మాత్రం పెట్టలేదు. గడువు దాటిన వాటి జాబితా వస్తుంది, మనిషి చూసి నిర్ణయిస్తారు.

శుక్రవారం

ఫారిన్ కీ గీతలకు కూడా స్టీరియోటైప్‌లు పెడదామని ఒక కోరిక వచ్చింది, "సొంతదారు", "సూచన" అని. మా ప్రశ్నే దానికీ వేశాం. డిలీట్ నియమం ఎలాగూ కీలోనే ఉంది, గీత మీద ఇంకో పేరు రాస్తే కొత్తగా మారేదేం లేదు. వద్దన్నాం.

ఏ రకమూ లేకుండా మిగిలినవి పన్నెండు టేబుల్స్, పేర్ల చివర తేదీలు, "కొత్త", "బ్యాకప్" లాంటి తోకలు. రెండింట్లో ఫోన్ నంబర్లున్నాయి. ఎవరు చేశారో, ఎందుకు చేశారో తేలేదాకా వాటికి రకం వేయను, చెక్ స్క్రిప్టు రోజూ ఎర్రగా చూపిస్తూనే ఉంటుంది. సోమవారం డీబీఏ అన్నతో, బ్రాంచీల సపోర్టు మేడమ్‌తో కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూస్తాం, ముందు ఫోన్ నంబర్లున్న ఆ రెండు.